బన్నుల పిన్ని ఇంట్లో దూడ

మా వీధిలో పెద్దా చిన్నా అందరికీ నా చెల్లెలు బన్నుల పిన్నే. నాకంటే వయసులో పెద్దవాడైన పాలాయన కూడా పొద్దున్నే గేటు దగ్గర నిలబడి "పిన్నీ, పాలూ!" అని కేకేస్తాడు. ఆమె కూడా ఏ మొహమాటమూ లేకుండా "వస్తున్నా నాయనా" అంటుంది.

ఆమె గురించి రాయడానికి ఈయనెవరు అని ఎవరైనా అడగొచ్చు. ముందే చెప్పేస్తాను. నేను ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాడిని. నా దస్తూరీ చూసి మాస్టారు పలకను క్లాసంతా తిప్పి చూపించారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సిటీ బస్సు నడిపాను. నా బస్సెక్కిన మనిషికి మోకాలు కూడా గీరుకోలేదు. మా వీధి చివరికి బస్‌స్టాప్ వచ్చిందంటే నేను ఆఫీసుల చుట్టూ తిరగబట్టే వచ్చింది. ఈ రెండంతస్తుల ఇల్లు కూడా నేను దగ్గరుండి కట్టించిందే. పైన నేనూ మా ఆవిడా ఉంటాం, కింద చెల్లెలి సంసారం. కింద ఎవరు తుమ్మినా నాకు వినిపిస్తుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

చెల్లెలు బడిలో నాకంటే తక్కువే చదివింది గానీ చేతిలో పని మాత్రం నాకంటే ఎక్కువే ఉంది. ఒక బేకరీలో ట్రేలు కడగడానికి చేరి, కడుగుతూ కడుగుతూనే పిండి కలపడం నేర్చుకుంది. ఆ బేకరీ మూసేస్తూ యజమాని తన పాత ఓవెన్ అమ్ముతానంటే చేతి గాజులు తీసి కొనుక్కుంది. దాన్ని ఇంటికి చేర్చింది నా బస్సే. చివరి ట్రిప్పులో, వెనక సీటు పక్కన, కండక్టరు దానికి టికెట్ కొట్టాలా వద్దా అని తల గోక్కుంటుండగా. అప్పటినుంచి ఇంట్లోనే బన్నులు చేసి, నర్సింగ్ విద్యార్థినుల హాస్టల్ క్యాంటీన్‌కి సాయంత్రం టీ వేళకు పంపుతుంది. ఆ ఆర్డరు ఉన్నన్నాళ్ళే ఆ ఓవెన్ వెలుగుతుంది. పిండి కలపని రోజు ఆమె ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక తిరుగుతుంది. ఆమెకున్న జబ్బు అదొక్కటే.

చలికాలం వస్తే మాత్రం ఆమె పిండికి మూడ్ ఉండదు. తొట్టిలో ముద్దలా పడుకుని కదలదు. అందుకే నేను హీటరు తెచ్చాను. అంతకుముందు చెల్లెలి మొగుడు, మా బావ దగ్గర ఎర్రటి కడ్డీల హీటరు ఒకటుండేది. దాని ముందు కూర్చుంటే మోకాళ్ళు మాడిపోయేవి, వీపు మంచుగడ్డలా ఉండేది. బావ కాసేపటికోసారి ఇటు తిరిగి, అటు తిరిగి కూర్చునేవాడు, రెండో వైపు కాలని రొట్టెలాగా. నేను తెచ్చింది నూనె హీటరు. రేకులు నిలువుగా పేర్చినట్టు ఉంటుంది, కింద చక్రాలు, ముందు తిప్పే నాబ్. వేడెక్కేటప్పుడు టిక్కు టిక్కుమంటుంది గానీ పద్ధతైన మనిషిలాగా గదంతటికీ సమానంగా పంచుతుంది.

వచ్చిన వారానికే దానికి దూడ అని పేరు పడింది. వైరు పట్టుకుని ఈ గది నుంచి ఆ గదికి లాక్కెళ్తుంటే దూడను తోలుకెళ్తున్నట్టే ఉంటుంది మరి. దాని వెనకే ఇంటిల్లిపాదీ నడుస్తారు. అది హాల్లో ఉంటే అందరూ హాల్లో, పడకగదిలో ఉంటే అందరూ పడకగదిలో. ఇల్లు కట్టిన నాటి వైరింగే కాబట్టి హీటరు, గీజరు, ఓవెన్ వీటిలో ఏ రెండు కలిసినా ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకని నేనే ఒక కట్టుబాటు పెట్టాను. హీటరు ప్లగ్గు పెట్టేవాళ్ళు "దూడ మేస్తోంది!" అని కేక వెయ్యాలి. తీసేవాళ్ళు "మేసేసింది!" అనాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకూడదు, గోడ ప్లగ్గుకే పెట్టాలి. దానిమీద సాక్సులు ఆరేయకూడదు. ఈ చివరి నియమం మా మేనకోడలి కోసం ప్రత్యేకం.

కానీ పిండి కలిపే వేళకు చెల్లెలు దూడను సామాన్ల గదిలోకి తోలుకుపోయి, పిండి తొట్టి పక్కన కట్టేసింది. ఇక చూసుకోండి బావ బాధ. ఆయనది తాళాలు బాగుచేసే కొట్టు. చలికాలం కొట్టు ఆలస్యంగా తెరుస్తాడు. అంతవరకూ దుప్పటి కప్పుకుని హాల్లో మూలుగుతుంటాడు.

"ఏమోయ్, పోయిన జన్మలో ఆ పిండి నీ కడుపున పుట్టుంటుంది. కట్టుకున్నవాడు వణుకుతుంటే దానికి హీటరు పెడతావా?"

"మీరు వణికినా పనికొస్తారు. అది వణికితే పనికిరాదు."

"విన్నావా బావా, నీ చెల్లెలి మాట?" అని పైకి అరిచేవాడు.

"హీటరు తెచ్చింది నేనే. ఎవరికి పెట్టాలో మాత్రం మీ ఆవిడనే అడుగు" అని నేను పైనుంచే తీర్పు చెప్పేవాడిని.

బావ తల్లి, మా అత్తయ్యగారు, మంచంమీంచి అందుకునేవారు. "మా రోజుల్లో పిండికి చలి, వేడి అని ఎవరు చూశారమ్మా? కొడితే పొంగేది." మేనకోడలు కాలేజీ పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, "అమ్మా, దానికో స్వెట్టర్ కూడా అల్లు" అనేది. చెల్లెలి చెవులు వింటాయి, చేతులు పిండి పిసుకుతాయి.

ఈ ఏడు చలి మరీ ముదిరింది. ఒకరోజు దూడ మేస్తుండగా ఎవరో కేక సంగతి మరిచి గీజరు వేశారు. ఫ్యూజు పోయింది. అది ఎవరూ చూసుకోలేదు. పిండి సగమే పొంగింది. ఆ రోజు హాస్టల్‌కి వెళ్ళిన బన్నులను చూసి ఒక విద్యార్థిని, "పరీక్ష పేపర్లు ఎగిరిపోకుండా పెట్టుకోవచ్చు, ఇంకో రెండు ఇవ్వండి" అందట. క్యాంటీన్‌కి కొత్తగా వచ్చిన మేడమ్ నవ్వలేదు.

"చూడండమ్మా, పెద్ద బేకరీ వాళ్ళు వ్యాను పంపుతామంటున్నారు. రేపు మళ్ళీ ఇలాగే ఉంటే ఎల్లుండి నుంచి మీరు రానక్కర్లేదు."

చెల్లెలు ఇంటికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పి, ట్రేలు కడుక్కుంది. ఆ సాయంత్రం బావ దుప్పటి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అత్తయ్యగారు "మా రోజుల్లో" అనలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె పిండి కలిపి, తొట్టిమీద మూత పెట్టి, హీటరు నాబ్ మధ్యలో ఉంచి, "దూడ మేస్తోంది! ఎవరూ ఆ గది తలుపు తియ్యకండి" అని ఇల్లంతా వినపడేలా చెప్పి, వెన్న, కాగితం సంచులు కొనుక్కురావడానికి బజారుకెళ్ళింది. తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. వరసగా పేర్చి చెప్తాను.

మొదట బావ లేచాడు. చప్పుడు కాకుండా తలుపు తీశాడు. జీవితమంతా తాళాలతో గడిపినవాడికి అదేం పెద్ద పని? పిండి ఇంకా పొంగలేదని చూసి, నాబ్ ఒక గీత పెంచి బయటికొచ్చాడు. ఆయన స్నానానికి చన్నీళ్ళు పోసుకుంటున్నప్పుడు (అవును, ఫ్యూజు పోతుందేమోనని ఆ చలిలో చన్నీళ్ళే పోసుకున్నాడు) అత్తయ్యగారు గోడ పట్టుకుంటూ వెళ్ళి, దూడను తొట్టికి దగ్గరగా జరిపారు. ఆవిడ మంచానికి చేరాక మేనకోడలు వెళ్ళింది. నాబ్‌ను చివరిదాకా తిప్పేసి, వేడి బయటికి పోకుండా తలుపు కింద సందులో తన శాలువా కుక్కింది. ఎవరికి వారు తామొక్కరే వెళ్ళామనుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఆ పిండిని వెక్కిరించిన నోళ్ళు కదా, దానికోసం దిగులుపడ్డామని చెప్పుకోవడానికి నామోషీ!

చెల్లెలు తిరిగొచ్చి తలుపు తోసింది. శాలువా అడ్డం పడింది. గట్టిగా తోసి లోపలికెళ్ళి, "అన్నయ్యా!" అని ఒక్క కేక పెట్టింది. నేను మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు.

గది కొలిమిలా ఉంది. పిండి తొట్టి అంచు దాటి లేచి, మూతను టోపీలా నెత్తిన పెట్టుకుని నిలబడింది. చెల్లెలు వేలితో అలా తాకిందో లేదో, పెద్ద నిట్టూర్పు విడిచి మొత్తం కూలిపోయింది.

"ఎవరు తిప్పారు ఈ నాబ్?"

"నేనే" అన్నాడు బావ, తడి జుట్టుతో. "నాకు చలేసింది. కాసేపు కాచుకుందామని వెళ్ళా. ఇంట్లో మగాడికి ఆ మాత్రం హక్కు లేదా?"

"పళ్ళు టకటకలాడుతున్నాయి. కాచుకున్నవాళ్ళు ఇలాగే ఉంటారా?"

"నేను జరిపానమ్మా" అన్నారు అత్తయ్యగారు. "దారికి అడ్డంగా ఉంటేనూ."

"సామాన్ల గదిలోంచి ఎటు పోతుందత్తయ్యా దారి?"

మేనకోడలు శాలువా తీసి దులిపింది. చెల్లెలు ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "అందరూ కలిసి నా కొంప ముంచారు కదా" అని మాత్రం అంది. ఆ గొంతులో కోపం ఎంతుందో, ఇంకేదో కూడా అంతే ఉంది.

నేను పెద్దవాణ్ణి, ధైర్యం చెప్పాలి. "చెల్లీ, ఒకసారి ఫ్లైఓవర్ దిగుతుండగా నా బస్సు బ్రేకు పట్టనప్పుడు..."

"అన్నయ్యా, బస్సు తర్వాత. దూడను బయటికి తోలు."

తోలాను. "మేసేసింది!" అని కేక కూడా వేశాను, నియమం నియమమే. ఆమె చేతులకు వెన్న రాసుకుంది. ఆ చలిలో కొత్తగా పిండి కలిపి పొంగించే వేళ లేదు, అంత పొంగి చచ్చిన పిండికి బన్నుగా నిలబడే సత్తువా లేదు. అందుకని దాన్ని నిలబెట్టాలని చూడలేదు. ట్రేల మీద పల్చగా పరిచి, వేళ్ళతో గుంటలు గుంటలుగా నొక్కి, వెన్న రాసి, చక్కెర చల్లి ఓవెన్లో పెట్టింది. కాలుతున్నంతసేపూ ఎవరూ గీజరు వైపు చూడలేదు. అంచులు బంగారు రంగుకొచ్చిన పల్చటి రొట్టెలు బయటికొచ్చాయి. బావ ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "ఫర్వాలేదు" అన్నాడు. ఆయన నోటివెంట అది పెద్ద బిరుదే.

బస్సులో ట్రేలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. డ్రైవరు ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. గుంటల్లో మెల్లగా పోనిచ్చాడు.

క్యాంటీన్ మేడమ్ గుడ్డ తీసి చూశారు.

"ఇవేంటి? బన్నులేవి?"

"బన్నులు కావండి" అంది చెల్లెలు. "పిండి పొంగాల్సినదానికంటే ఎక్కువ పొంగిపోయింది. అందుకని ఇలా చేశాను. వద్దంటే తీసుకెళ్ళిపోతాను."

"నిన్న పొంగలేదు, ఇవాళ ఎక్కువ పొంగింది. ఎందుకని?"

చెల్లెలు ట్రే మీది గుడ్డ మడతపెట్టింది. "మా ఇంట్లో ముగ్గురున్నారండి. ముగ్గురూ ఎవరికి వారే దానికి చలేస్తుందనుకున్నారు."

మేడమ్ ముఖంలో నవ్వు వచ్చి పెదవి దగ్గరే ఆగిపోయింది. ఒక ముక్క తుంచుకుని తిన్నారు. ఇంకో ముక్క తుంచుకున్నారు. ఈలోపు టీ గంట కొట్టారు. విద్యార్థినులు గుంపుగా వచ్చి పడ్డారు. నిన్న బన్నులను పేపర్లమీద పెట్టుకుంటానన్న పిల్ల కూడా వచ్చింది. ఒకటి తీసుకుని, కొరికి, రెండోది కూడా తీసుకుపోయింది.

ట్రే ఖాళీ అయ్యాక మేడమ్ చేతులు దులుపుకున్నారు.

"ఇవి బాగానే ఉన్నాయి. కానీ నేను చెప్పింది బన్నులు. రేపు బన్నులే తేవాలి. నాలుగు దాటకూడదు."

రేపు! ఆ ఒక్క మాట కోసమే కదా పొద్దుటినుంచి ఇంటిల్లిపాదీ గడగడలాడింది. మా వంశంలో పని చేతులకు ఎలా అబ్బిందో మేడమ్‌కి రెండు ముక్కలు చెప్దామని నేను గొంతు సవరించుకున్నాను. చెల్లెలు ఖాళీ ట్రేలు నా చేతుల్లో కుక్కి, మోచేయి పట్టుకుని గుమ్మం దాటించేసింది.

"నువ్వు మాట్లాడకు అన్నయ్యా. ఆవిడ మనసు మారేలోపు బస్సెక్కేద్దాం పద."