సేవ అయిందా, నాయనా?

గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి... దీపం వెలుగుతోంది కదా అని, ప్రమిదలో నూనె ఉందో లేదో చూడటం మానేశారా?

మా చిన్నప్పుడు... నగరిలో మా మగ్గాల ఇంట్లో, ముందు గదిలో ఒక కంప్యూటర్ ఉండేది. ఎవరో వాడి వదిలేసిన పాతది. చీరల అంచులు గళ్లలో గీయడానికని అన్న తెచ్చాడు.

దాన్ని ఆపేవాళ్లం కాదు. నెలల తరబడి నడుస్తూనే ఉండేది. "ఆపితే మళ్లీ లేవదు... అఖండదీపం అనుకోండి" అన్నాడు అన్న. కరెంటు కోతలకని యూపీఎస్‌కు పాత లారీ బ్యాటరీ తగిలించాడు.

నమ్మాం. రోజూ చీరముక్కతో దుమ్ము తుడిచేదాన్ని. వేడెక్కితే విసనకర్రతో విసిరేదాన్ని. నవ్వకండి... దేవుడికి వింజామర వీచినంత భక్తిగా వీచాను.

అప్పటికి మా అవ్వకు చూపు తగ్గుతోంది. అంచులన్నీ ఆమె తలలోనే ఉన్నాయి. ఏనుగుల అంచు, రుద్రాక్షల అంచు, వాళ్లమ్మ నేర్పిన గోపురం అంచు... కాగితం మీద ఏనాడూ పెట్టలేదు. పక్కన కూర్చుని గళ్లు లెక్కపెట్టి చెబుతుంటే అన్న గీసేవాడు.

"ఆడ నాలుగు విడువు. ఇప్పుడు తొండం ఎత్తు. అది తొండమా, పొట్లకాయా?"

"కండ్లు కనపడవంటివే అవ్వా!"

"నీ వంకర గీత గుడ్డిదానిక్కూడా కనపడతాదిలే!"

లేచే ముందు తప్పకుండా అడిగేది... "సేవ అయిందా, నాయనా?"

గీసింది కంప్యూటర్‌లో దాచడాన్ని అన్న 'సేవ్' అంటే, అది ఆమె చెవికి 'సేవ' అయింది. తిరుపతి పక్కన పుట్టిన చెవి మరి!

"అయిందవ్వా" అనేవాడు అన్న. రోజూ.

ఒక వేసవి మధ్యాహ్నం గాలివాన. కరెంటు పోయింది, ఎంతకీ రాలేదు. యూపీఎస్ కుయ్యో అంది. "అన్నా, ఆగిపోతా ఉండాది!" అని అరిచాను. వాడు గోడకు ఆనుకుని కదలకుండా నిలబడ్డాడు. తెర నల్లబడింది.

సాయంత్రం కరెంటు వచ్చాక మీట నొక్కితే... కంప్యూటర్ లేచింది! చప్పట్లు కొట్టాను. అంచులే లేవు. ఒక్కటీ లేదు.

"సేవ్ చేసినావు కదన్నా?"

"చేసినానని చెప్పినా... ఈ గీసే సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ మే. గీసేదానికే గానీ దాచేదానికి కాదు. తెచ్చిన రోజే తెలుసు. నాయన తిడతాడని..."

ఆపితే గీసిందంతా పోతుంది... అందుకే ఆ అఖండదీపం!

"మళ్లీ చెప్పవ్వా" అని బతిమాలాం. "నాలుగు విడువు... ఆ మీద..." అని ఆగిపోయింది. "దాంట్లో పెట్టినామని కదరా, నేను మనసులోంచి ఇడిచిపెట్టింది" అంది. మళ్లీ ఆ గదిలోకి రాలేదు.

పురాణంలో సత్యం తప్పని రాజు యుద్ధంలో ఒక్కసారి 'ఏనుగు' అన్న మాటను గొంతు తగ్గించి అన్నాడు... నేల తాకని రథం నేలకు దిగింది. ఒక్కసారికే! మా అన్న రోజూ అన్నాడు.

యంత్రం మీద నాకు కోపం లేదు. ఆ "అయిందవ్వా"ను మాత్రం ఇన్నేళ్లయినా క్షమించలేకపోతున్నాను. భజన మందిరంలో నలుగురికీ క్షమ గురించి చెబుతూ చెబుతూ, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి వేరే కథలోకి వెళ్లిపోతాను.

ఇప్పుడు అన్నీ ఫోనే దాస్తుందట... ఇళ్లలో "అయిందా?" అని అడిగే అవ్వలు కూడా లేరు.

లేవండి! ఈరోజే, పొద్దు వాలకముందే ఫోన్ తెరిచి, దాచినవి ఉన్నాయో లేదో చూడండి. ఇంట్లో పెద్దామె ఉంటే పక్కన కూర్చుని ఒక్క ముగ్గైనా, ఒక్క పాటైనా కాగితం మీద పెట్టండి. పెట్టి, ఫోటో తీసి కింద కామెంట్లలో నాకు చూపించండి.

"అయింది" అని మాత్రం అనకండి... చూపించండి.