ఆది జాకెట్టు

నాకు గుండీ కుట్టడం కూడా రాదు. అలాంటిది నలభై మూడేళ్ళ వయసులో, ‘ఏ టైలరు దగ్గరికీ పోనక్కరలేదు, నీ జాకెట్టు నేను కుడతా’ అని అక్కతో అనేశాను. కోపమొస్తే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

అక్క బడిలో టీచరు. అక్కడ చీరే కట్టుకోవాలి. క్యాన్సరని ఎడమ రొమ్ము తీసేశాక ఆరు నెలలు నైటీల్లోనే గడిపింది. పాత జాకెట్లు ఆ వైపు వేలాడిపోతున్నాయి. వీధి చివర టైలరు నలుగురి ముందు, “ఈ పక్క ఇంత లూజెందుకు మేడం?” అన్నాడట. గుడ్డ లాక్కుని వచ్చేసింది. నెల రోజుల్లో బడికి వెళ్ళకపోతే ఉద్యోగం వదిలేస్తానని చీటీ రాసిపెట్టుకుంది. పాఠం చెప్పడం మానేస్తే అక్క మంచం దిగదు. ఆ భయంతోనే నేను మిషను ముందు కూర్చున్నాను.

కాటన్‌పేటలో మా వెనక సందులో ఒక పెద్దావిడ కుట్టు నేర్పేది. నేను పెడలు తొక్కితే చక్రం వెనక్కి తిరిగేది. దారం పుటుక్కున తెగేది. సూది రెండుసార్లు వేలిలో దిగింది. కుడితిలో పడ్డ ఎలుకలా మూడు వారాలు కొట్టుకున్నాను. ఒకరోజు ‘ఛీ, నా బతుకు!’ అని మిషను మీద గుద్దితే ఆవిడ నవ్వింది.

“దాన్ని కొడితే వస్తాదేమ్మా విద్య? సుమ్నే, గమ్మున కూచోని తొక్కు. ఆది జాకెట్టు ఒకటి ఉండాదంటే సగం పని అయినట్లే. గుడ్డ మీద పరుచుకో, సుద్దతో గీసుకో, కోసుకో. మనిషిని ముట్టుకునే పనే లేదు.”

ఆ చివరి మాటకి నా ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా పట్టిన పాత జాకెట్టు ఆదికిచ్చి, టేపు ఒంటికి తగలకుండా కుట్టించుకోవడం మా ఇళ్ళల్లో అలవాటే. ఎవరికి కుడుతున్నానో ఆవిడకి చెప్పలేదు. అక్క పాత జాకెట్టు బీరువాలోంచి తీసి పరిచాను. ఎడమవైపు ఎంత తగ్గించాలో నాకు నేనే ఊహించుకుని, రెండు వేళ్ళు లోపలికి గీసి కోసేశాను.

శనివారం మధ్యాహ్నానికి కుట్టడం అయింది. సోమవారం బడి. అక్క తొడుక్కుని హుక్కులు పెట్టుకుంది. బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యి పైకెత్తబోయి సగంలోనే ఆగిపోయింది. చంకలో గుడ్డ కోసుకుపోతోంది. అక్కడ ఆపరేషను తర్వాత వాపు ఉందట. నాకు తెలియదు.

అక్క విప్పి మడతపెట్టి నా చేతికిచ్చింది. తిట్టినా బాగుండేది. ఆ గుడ్డ పట్టుకుని పెద్దావిడ దగ్గరికి పరుగెత్తి, ఏడుస్తూ అంతా చెప్పాను.

“ఆపరేషనైన మనిషికి పాత జాకెట్టు ఆది పెట్టినావా? ఏం తెలివమ్మా నీది!” అని ఆవిడ గట్టిగా కసిరింది. “కుట్లు విప్పు. లోపల మార్జిను ఉండాది, వదలచ్చు. ఎంతనేది నన్నడిగితే నాకేం తెల్సు? పో, మీ అక్కను కొలుచుకోని రాపో.”

టేపు పట్టుకుని ఇంటికొచ్చాను. గది తలుపు వేసి అక్క నైటీ భుజాల మీంచి జార్చింది. నా కళ్ళు గోడ మీదికి పోయాయి. ఆసుపత్రిలో కట్టు మార్చిన ప్రతిసారీ నేను ఏదో పనున్నట్టు బయటికి పోయేదాన్ని. ఆరు నెలల్లో ఒక్కసారైనా చూడలేదు. ఆ టైలరుని ఎన్ని తిట్లు తిట్టానో! వాడు కనీసం చూసి అడిగాడు.

“గోడను కొలుస్తావా ఏందే?” అంది అక్క.

చూశాను. చంక దాకా పొడుగాటి గీత, దాని పక్కన వాపు. టేపు అక్కడ ఆనించబోయి వెనక్కి తీసుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని గీత మీద పెట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు, టేపు మీద అంకె కనబడటం లేదు. అక్కే తల వంచి చదివింది. నేను రాసుకున్నాను.

“సోమవారానికి కాదులే,” అంది. “ఇంకో వారం లీవు అడుగుతా. నువ్వు నిదానంగా కుట్టు.”