ఒకే పుస్తకానికి ఇటూ అటూ

ఆఖరి రోజు పొద్దున్న మా ఆవిడ పార్వతి టీ పెట్టింది. మనవరాలికి జడ వేసింది. బడి గురించి మా అబ్బాయితో వాదించింది. మధ్యాహ్నం భోంచేసి పడుకుంది... మళ్లీ లేవలేదు.

వాదన ఇదీ. మనవరాలిని ఒకటో తరగతిలో ఎక్కడ చేర్చాలి? మా ఊళ్లోనే ఇందా పేటలో ఉన్న ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడిలో అని అబ్బాయి. రైల్వే క్వార్టర్ల ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మేమిద్దరం చదివిన సర్కారు తెలుగు బడిలో అని ఆమె.

"ఆ బళ్లో పిల్లలేరమ్మా ఇప్పుడు? ఇంగ్లీషు రాకపోతే దీనికి ఉజ్జోగం ఎవులిస్తారు?"

"నీకొచ్చింది గదరా ఇంగ్లీషు! మరి ఊర్నించి పెళ్లి కార్డొస్తే నాసేత సదివించుకుంటావేటి? పెళ్లికొడుకెవుడో నానే సెప్పాలా?"

వాడికి నవ్వొచ్చింది. నాకూ...

మా చిన్నప్పుడు బడి తెరిచిన ఎన్నాళ్లకో గానీ తెలుగు పుస్తకాలు వచ్చేవి కావు. మాది వేరే రాష్ట్రం, ఆంధ్రా నుంచి రైల్లో రావాలి మరి. అంతవరకూ పై తరగతివాళ్ల పాత పుస్తకమే దిక్కు. నలుగురికి ఒకటి. చాప మీద మధ్యలో పెట్టేవారు. ఇటు మగపిల్లలం, అటు ఆడపిల్లలు. అక్షరాలు మావైపు. అటు కూర్చున్న పార్వతి తలకిందులుగానే చదవడం నేర్చేసుకుంది... నాకంటే వేగంగా.

ఒకరోజు టీచరమ్మ జాలిపడి పుస్తకం ఆమె వైపు తిప్పారు. తడబడింది.

"మల్లీ అటు తిప్పీండి టీచరుగారూ, ఇలాగ నాకు రాదు!"

క్లాసంతా ఒకటే నవ్వు.

పెళ్లయ్యాక నేను పేపరు చదువుతుంటే ఎదురుగా కూర్చుని నాకంటే ముందే వార్తలు చెప్పేసేది.

అబ్బాయి మాట కొట్టిపారెయ్యలేను. వాడు ప్రైవేటు బడిలోనే చదివి బాగుపడ్డాడు. పార్వతి కర్మలయ్యాక, నిన్న మా పాత బడికి వెళ్లి చూశాను. ఒకటీ రెండూ తరగతులు ఒకే గదిలో. రెండో తరగతి పిల్ల ఒకటో తరగతివాడికి గుణింతం చెబుతోంది. టీచరమ్మ వెనకాల నిలబడి వింటోంది. తప్పు చెప్పినప్పుడే కలగజేసుకుంటోంది. చాలాసేపు చూశాను...

నిన్న సాయంత్రమే అబ్బాయి అన్నాడు. "అమ్మ నేదు. నువ్వెటు సెప్తే అటే నాన్నా."

"తెలుగు బడే. ఇంగ్లీషు ఇంట్లో నేను చెబుతాను."

"ఠీక్ హై. డ్యూటీ దిగినాక నానూ కూసుంటాను."

ఇప్పుడు ఏ పిల్ల పుస్తకం ఆ పిల్లదే. మంచిదే... కానీ పక్కవాళ్ల మోచెయ్యి తగలదు. మీ చిన్నప్పుడు మీరు ఎవరి పక్కన కూర్చుని చదివారు? రాయండి.

రేపు పొద్దున్న మనవరాలిని సైకిల్ మీద తీసుకెళ్లి మా బడిలో చేర్పిస్తాను. తొలిరోజు కదా... బడి వదిలేదాకా గేటు దగ్గరే ఉంటాను.