హిల్కా బిగించిన క్లిప్పు

పాల ట్యాంకరు కర్హువారా గుట్ట ఎత్తు మీద పికప్పు పోయి, వెనక్కి జారి, మంచుగుంటలో పడిన రోజున తౌనో ఒక్క మాట అన్నాడు. "హోసు క్లిప్పు సరిగా బిగించలేదు. హిల్కా పని." అంతకు ముందురోజే, పాల బళ్ల షెడ్డులో మెకానిక్కుగా ఉన్న హిల్కా షెడ్డు పుస్తకంలో, లోపం దొరకలేదు, బరువుతో నడిపి చూడకుండా బండిని పంపొద్దు అని రాసింది. పంపమని సంతకం పెట్టింది షెడ్డు మేస్త్రీ తౌనో. తరవాత ఆ పేజీ చింపిందీ అతనే.

నెల తిరక్కుండా హిల్కా ఉద్యోగం పోయింది. పెట్రోలు బంకులో కాఫీ బల్ల దగ్గర అన్న ఆ మాట మాత్రం ఊళ్లో కాపురం పెట్టింది. ఎవరి బూటు లేసు ఊడినా "హిల్కా బిగించిందా?" అని అడిగేవారు. పదకొండేళ్లయినా అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్లలో సగం మందికి ఆ ట్యాంకరు సంగతే తెలియదు.

హిల్కా ఊరు వదల్లేదు. తండ్రి పోయాక ఆవులను అమ్మి, ఖాళీ అయిన కొట్టంలో ఒక లిఫ్టు బిగించుకుంది. పక్క ఊళ్ల ట్రాక్టర్లూ మంచుబళ్లూ వచ్చేవి. సొంత ఊరి బళ్లు తక్కువ. బుధవారం లైబ్రరీ బస్సు దగ్గరికి వెళ్లి రెండు పుస్తకాలు తెచ్చుకునేది, శనివారం ఆవిరిస్నానం గదిలో పొయ్యి రాజేసుకునేది. ఎవరి మీదా ఫిర్యాదు చేసినట్టు ఎవరూ వినలేదు. క్షమించిందని కొందరు అనుకున్నారు. మాట్లాడనివాళ్ల గురించి జనం తమకు సుఖంగా ఉండేదే అనుకుంటారు.

ఈలోగా తౌనో రిటైరయ్యాడు. భార్య ఐలీకి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు తొంభై కిలోమీటర్లు కారు నడిపి ఆమెను పట్నం ఆస్పత్రికి, రక్తం శుద్ధి చేయించడానికి తీసుకెళ్లాలి. మార్చి వచ్చేసరికి ఆ డీజిలు కారుకు ఒక జబ్బు పట్టుకుంది. ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ ఉన్నట్టుండి నీరసపడిపోయేది. వెనక దుంగల లారీలు హారన్లు కొట్టేవి. పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు పరుగెత్తేది. పట్నంలో ఒక షాపువాళ్లు సెన్సారు మార్చారు. ఇంకొకళ్లు టర్బో మార్చాలేమో అన్నారు. వాళ్ల దగ్గర మాత్రం కారు ఒక్కసారీ నీరసపడలేదు. ఇలా అయితే ఐలీని పట్నంలో వృద్ధుల వసతిలో చేర్చడం మంచిదని నర్సు చెప్పింది.

"అక్కడ కిటికీ తీస్తే కార్లు నిలిపే స్థలం," అంది ఐలీ. "నాకు ఈ ఒక్క కారు చాలు."

అందుకని తౌనో ఒక మధ్యాహ్నం హిల్కా కొట్టం ముందు కారు ఆపాడు.

"మేస్త్రీ వచ్చాడే," అంది హిల్కా ట్రాక్టరు కింద నుంచే. "దారి తప్పావా?"

"ఎత్తు మీద పికప్పు పోతోంది. అప్పుడప్పుడు."

"అప్పుడప్పుడంటే ఎప్పుడు?"

తౌనో నసిగాడు. ముందు సీట్లో ఉన్న ఐలీ అద్దం దించింది. "వచ్చేటప్పుడే. పోయేటప్పుడు ఒక్కసారీ కాలేదు. నా బరువు వల్ల మాత్రం కాదమ్మా. వచ్చేటప్పుడు రెండు కిలోలు తగ్గి వస్తాను, ఒంట్లో నీళ్లు తీసేస్తారుగా."

హిల్కా మూతి ఒక పక్కకు కదిలింది. ఆమె నవ్వు అంతవరకే. ఎన్నింటికి పోతారు, ఎన్నింటికి వస్తారు, ఆ వేళ చలి ఎంత అని అడిగింది. పోయేది ఆరింటికి, సున్నాకు ఇరవై కింద. వచ్చేది రెండింటికి, చూరు మీది మంచు కరిగి నీళ్లు కారుతుంటాయి.

"చలి తగ్గాక బండికి ఇంకా హాయిగా ఉండాలి కదా," అన్నాడు తౌనో.

"హాయి సంగతి బండిని అడుగుదాం. దిగకు ఐలీ, రోజూ ఎలా వస్తారో అలాగే పోదాం."

చక్రాల కుర్చీ పక్కన ఇరుక్కుని, ఇంజను లెక్కలు చూపే స్కానరు ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. కర్హువారా సగం ఎక్కేసరికి కారు చచ్చుబడింది. పదకొండేళ్ల కింద ట్యాంకరు జారిన చోటుకు అది ఎంతో దూరం కాదు. తౌనో స్టీరింగు వదల్లేదు, వెనక్కి చూడలేదు.

"ఇంజన్లోకి పోయే గాలి ఎనభై డిగ్రీలుంది," అంది హిల్కా. "టర్బో నొక్కిన గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చే కూలరు ముందు ఉంది, దానికి గాలి తగలట్లేదు. కాలిపోకుండా ఇంజనే తగ్గిపోతోంది. పక్కకి ఆపు."

బురదమంచులో మోకాళ్లూని, ముందు గ్రిల్లులోంచి చెయ్యి పెట్టి తడిమింది. కటింగ్ ప్లయరుతో నాలుగు చోట్ల తీగ తెంపి ఒక నల్లటి పలకను బయటకు లాగింది. అట్ట. కొలిచి కోసి, అంచులు సాపు చేసి, నల్లరంగు వేసి, మూలమూలకూ రాగితీగ రెండు మెలికలు తిప్పి కట్టినది. రెండు షాపులవాళ్లూ దాన్ని చూసి కారుతో వచ్చిన భాగమే అనుకుని ఉంటారు.

"మా నాన్న ట్రాక్టరుకి కట్టేవాడు," అన్నాడు తౌనో. "చలికి ఇంజను త్వరగా వేడెక్కాలని."

"ఆ ట్రాక్టరుకి టర్బో ఉందా?"

"లేదు."

"బాగా బిగించావు మేస్త్రీ. నేను బిగించినదైతే ఈపాటికి ఊడిపోయి ఉండేది."

ఐలీ ఒక్కతే నవ్వింది, చాలాసేపు. తౌనో ఏదో అనబోయాడు. దుంగల లారీ ఒకటి వాళ్లను దాటి ఎత్తెక్కింది. అది పోయేసరికి అతను వంగి తెగిన తీగ ముక్కలు ఏరుతున్నాడు.

ఆ తరవాత కారు ఒక్కసారీ ఆగలేదు. ఐలీ ఇంట్లోనే ఉంది. కారుకు ఏమైందని బంకులో అడిగితే, సెన్సారు పోయిందన్నాడు తౌనో.

వాళ్లిద్దరూ చివరిసారి కలిసింది అక్టోబరులో, నేల మొదటిసారి గడ్డకట్టిన వారం. తౌనో కొత్త అట్ట చేత్తో పట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి రంగు వెయ్యలేదు.

"సగానికే కోశాను. పెట్టొచ్చా?"

హిల్కా అట్టను అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చింది.

"పెట్టుకో. ఫిబ్రవరి దాటగానే తీసెయ్. మరిచిపోతే కాఫీ బల్ల దగ్గర హిల్కా కట్టిందని చెప్పు, నీకు అలవాటేగా."