కన్వర్టర్‌కు గొంగడి కప్పిన చిన్నతాత

నిన్న పొద్దున ఆఫీస్‌లో టెస్ట్ బెంచ్ దగ్గరుండగా బాపు ఫోన్ చేశాడు.
చిన్నతాత పోయాడట. నారాయణపేటలో, టీ తాగుతూ తాగుతూనే.


మొన్ననే కదా నా ఉద్యోగాన్ని గంటసేపు తిట్టింది.

తేరుకుని ఫ్యామిలీ గ్రూప్ తెరిస్తే, "పాలమూరు తొలి ఎలక్ట్రానిక్స్ మేధావి" అని పోస్టర్. దండ, దీపం, ఎందుకో ఒక పావురం.

క్షమించాలి. ఆ మేధావి చేసిందేమిటో నాలుగు ముక్కల్లో మనవి చేసుకుంటాను.

పంతొమ్మిది వందల అరవైల చివర ఆయనకు మహబూబ్‌నగర్‌లో మైకు సెట్ల షాపు ఉండేది. బ్యాటరీ వోల్టేజీని ఆంప్లిఫయర్‌కు సరిపోయేలా పెంచే కన్వర్టర్ పెట్టె ఒకటి తెప్పించాడు. లోపల రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, వెనక వేడి పోవడానికి అల్యూమినియం రెక్కలు. జిల్లాలో అదే మొదటిదని ఆయన మాట. కాదనడానికి ఎవరూ మిగల్లేదు.

నారాయణపేట సంబంధం కుదిరింది. పిల్ల తండ్రికి మగ్గాలున్నాయి, మైకులు మోసే అల్లుడంటే చిన్నచూపు. షరతు పెట్టాడు. పెళ్ళిలో తంతు ముగిసేదాకా నీ మైకు మోగితే షాపు నడుపుకో. ఆగిందా, మూసేసి వచ్చి నా మగ్గం మీద కూర్చో.

చిన్నతాత సరేనన్నాడు. తెలివికి హద్దుంటుంది, ధీమాకు ఉండదు.

నడి ఎండాకాలం, పట్టపగటి ముహూర్తం. పెట్టె మీద చెయ్యి పెడితే కాలుతోంది. నీడకు జరపొచ్చు. గాలి తగలనివ్వొచ్చు.

మేధావి గొంగడి తెచ్చి, రెండు మడతలు వేసి కప్పాడు.

ఇదేంటని ఎవరో అడిగితే, బాసింగం కట్టుకున్న మొహంతో జవాబు:
"ఎండల గొర్లకాడ కప్పుకునేది గొంగడే గదనే. ఐసుగడ్డ కరగకుంట సుట్టేది గూడ గొంగడే. గీ పెట్టెకే పనికిరాదా?"

అయ్యా, ఐసుకు శత్రువు బయటి వేడి. ట్రాన్సిస్టర్‌కు శత్రువు దాని కడుపులో పుట్టే వేడి. లోపల కరెంటు దాటే ఆవగింజంత చోటు, జంక్షన్ అంటాం, దాని వేడికో హద్దు. జెర్మేనియం వేడెక్కిన కొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది, లాగిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. హద్దు దాటితే ఖతం.

జీలకర్ర బెల్లం దాకా సన్నాయి ఊరంతా వినిపించింది. తలంబ్రాలప్పుడు మైకు ఒకసారి గురగురమని ఊరుకుంది.

మామ గొంగడి ఎత్తి చూసి నింపాదిగా అన్నాడట:
"తలంబ్రాలు కానియ్ అల్లుడా. రేపటి సంది మగ్గం కాడ పనుంది."

షాపు పోయింది. బతికినంత కాలం చీరలు నేశాడు. బతికినంత కాలం పెట్టె అమ్మిన కంపెనీ మోసం చేసిందన్నాడు. నేను పవర్ చిప్‌ల పనిలో చేరితే, "వేడి కాకుంట సూస్తె గూడ జీతమిస్తరా?" అని వెక్కిరించాడు.

మొన్న ఒళ్ళు మండి, కాగితం మీద బొమ్మ గీసి జంక్షన్ సంగతంతా చెప్పాను.

"అంటే కంపెనోడు మోసం జెయ్యలే?"
"లేదు తాతా. నువ్వే సంపినవ్."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా:
"మీ చిన్నవ్వకు జెప్పకు. తప్పు నాది గాదని నమ్మి, షాపు మూపిచ్చిండని, వాళ్ళ నాయినతోని ఆయన సచ్చేదాంక మాట్లాడలే ఆమె."

నవ్వుదామనుకున్నాను. రాలేదు.

చిన్నవ్వ ఫేస్‌బుక్‌లో లేదు. ఉన్నవాళ్ళు దయచేసి నోరు మూసుకోండి.

పోయిరా చిన్నతాతా, నీ ప్రాణం నెమ్మదించాలి.
పైన మామ ఎదురైతే, ఈసారి తప్పు నువ్వే ఒప్పుకో.