కొంగల బడి టీచరమ్మ

మొన్న మంగళవారం పొద్దున మా పక్కింటి టీచరమ్మ చనిపోయారు. అప్పుడు నేను దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను. ఎదురింటి వదినె గేటు తీసుకొని వచ్చి గడప దగ్గరే నిలబడి, "టీచరమ్మ పోయిందట. పొద్దుగాల ఛాతిల నొప్పి అన్నదట, దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందట" అన్నది. అగ్గిపుల్ల వేలి దాకా కాలిన సంగతి నాకు తెలియలేదు. వంటింట్లో నుంచి మా అత్తమ్మ, "ఎవలే వచ్చింది?" అని అడిగింది. ఆ కబురు ఆమెకు నేను చెప్పాలి.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేనూ మంచే రాస్తాను. టీచరమ్మలో రాయదగ్గ చెడు ఏదీ లేదు. కానీ నా మనసులో ఉన్నది దాచిపెట్టి రాస్తే అది ఆమె గురించి రాసినట్టు కాదు. దాదాపు ఏడాదిన్నర నేను ఆమెను చూసి కుళ్లుకున్నాను. రోజూ రెండు పూటలా దీపం పెట్టే చేతులతోనే, ఆమె మా గేటు తీసిన చప్పుడు వినబడితే గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. ఎందుకో చెప్పాలంటే ముందు మా అత్తమ్మ గురించి చెప్పాలి.

మా అత్తమ్మది చింతమడక ఊరు. పొలం పని చేసిన మనిషి. మా అమ్మ నా పదో తరగతిలోనే పోయింది. పెళ్లయి వచ్చిన మొదటి వారమే అత్తమ్మ నన్ను కూర్చోబెట్టి తలకు నూనె రాసింది. ఆ రోజు నుంచి ఆమె నాది అనుకున్నాను. మామయ్య పోయాక ఆమె సిద్దిపేటకు మా దగ్గరికే వచ్చింది. రెండేళ్ల కింద వానాకాలంలో బాత్రూం గడప దగ్గర జారి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పే నాటికి ఎముక అతికింది గానీ, అడుగు తీసి అడుగు వేయాలంటే ఆమెకు భయం పట్టుకుంది. మంచం దిగాలన్నా, బాత్రూంకు పోవాలన్నా నా భుజం కావాలి. నేను పళ్లెం మంచం దగ్గరికే తెచ్చేదాన్ని. నీళ్లు నేనే పోసేదాన్ని. వచ్చినవాళ్లంతా "కోడలంటే గిట్ల ఉండాలె" అని పోయేవారు. ఆ మాట నాకు ఎంత తీపిగా ఉండేదో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అట్లా ఆరు నెలలు గడిచాక ఒక రోజు టీచరమ్మ పలకరించడానికి వచ్చారు. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. భర్త లేడు, ఒక్కతే కూతురు పూణెలో ఉంటుంది. దుబ్బాక నేత చీర కింద తెల్ల బూట్లు వేసుకొని రోజూ కోమటిచెరువు కట్ట మీద నడిచి వచ్చేవారు. ఆమె చాయ్ వద్దని, కుర్చీలో కూర్చున్న అత్తమ్మను చూసి, "అక్కా, చేతులు కుర్చీకి ఆనించకుంట ఒక్కపారి లే" అన్నారు.

అత్తమ్మ మూడుసార్లు ముందుకు వంగింది. మూడుసార్లూ వెనక్కి పడింది. నేను పోయి పట్టుకోబోతే టీచరమ్మ నా చెయ్యి ఆపారు.

"ఎన్ని దినాల సంది ఈమెను నువ్వే లేపుతున్నవ్?"

"ఆరు నెలలైంది టీచర్."

"మంచిగ చూసుకుంటున్నవ్ బిడ్డా. గందుకే కాళ్లు వాటి పని మరిచిపోయినయ్."

ఆమె మెత్తగానే అన్నారు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు.

మర్నాటి నుంచి అత్తమ్మ టీచరమ్మ ఇంటి వెనక సిమెంటు వాకిట్లోకి పోవడం మొదలైంది. మొదటి వారం నేనే చెయ్యి పట్టుకొని తీసుకుపోయాను. అప్పటికే అక్కడ నలుగురు ముసలివాళ్లు ఉన్నారు. తలా ఒక ప్లాస్టిక్ కుర్చీ, జారకుండా గోడకు ఆనించి ఉంటుంది. ముందు కుర్చీలో నుంచి లేవడం, కూర్చోవడం. తర్వాత కుర్చీ వీపు పట్టుకొని మడమలు లేపడం. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడడం, ముందు రెండు చేతులతో పట్టుకొని, తర్వాత ఒక చేత్తో, తర్వాత ఒక్క వేలితో. గచ్చు మీద గీసిన సుద్దగీత మీద మడమకు కాలివేలు ఆనిస్తూ నడవడం. పక్కకు అడుగు వేయడం రాకపోతే టీచరమ్మ, "బతుకమ్మ ఆడలేదా ఎన్నడు? గట్లనే పక్కకు ఎయ్యి, వంగు, చప్పట్లు కొట్టు, లే" అనేవారు. వెంటనే అందరికీ వచ్చేసేది.

గల్లీలో ఎవరో దానికి కొంగల బడి అని పేరు పెట్టారు. టీచరమ్మ కోప్పడలేదు. "కొంగ ఎన్నడన్న కిందవడంగ చూసిన్రా?" అని అడిగేవారు, అంతే.

అక్కడ నవ్వులకు కొదవ ఉండేది కాదు. కిరాణా దుకాణం అవ్వ ఒంటికాలి మీద ఊగుతుంటే, దుబ్బాకలో బతుకంతా మగ్గం మీద కూర్చొని ఇప్పుడు బిడ్డ దగ్గరికొచ్చి ఉంటున్న అవ్వ, "ఏందే, పొద్దుగాలనే కల్లు తాగొచ్చినవా?" అనేది. "తాగితె నీకు పొయ్యకుంట తాగుతనా?" అని ఈమె. మా అత్తమ్మ నవ్వు గేటు దాకా వినబడేది. మా ఇంట్లో ఆ ఆరు నెలల్లో ఆమె అంత నవ్వింది లేదు. నేను గేటు బయట నిలబడి విని, లోపలికి పోకుండా తిరిగి వచ్చేదాన్ని.

ఒక మాట మరీ గుచ్చుకుంది. మా అత్తమ్మ లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనదు. వడ్లు కొలిచేటప్పుడు అన్నట్టు "లాభం, రెండు, మూడు" అంటుంది. మా వంటింట్లో బియ్యం కొలిచేటప్పుడు నేను ఇన్నేళ్లుగా వింటున్న మాట అది. ఒక పొద్దున చూస్తే ఆ వాకిట్లో అయిదుగురూ, వాళ్లతో పాటు టీచరమ్మా, ఒంటికాలి మీద నిలబడి "లాభం, రెండు, మూడు" అని పది దాకా లెక్కపెడుతున్నారు. నా ఇంట్లోని వస్తువు ఏదో చెప్పకుండా తీసుకుపోయినట్టు అనిపించింది.

తర్వాత ఆమె మా ఇల్లు కూడా చూశారు. బాత్రూంలో వెలుగు చాలదని పెద్ద బల్బు పెట్టించారు. గోడకు పట్టుకునే కడ్డీ వేయించమని మా ఆయనకు చెప్పారు. అత్తమ్మ అరిగిన చెప్పులు తీయించి, వెనక పట్టీ ఉన్నవి కొనిపించారు. మంచం మీద నుంచి లేవగానే నడవొద్దని, కాళ్లు కిందికి వేసి కొంచెం సేపు కూర్చొని లేవాలని నేర్పారు. అక్కడిదాకా బాగానే ఉంది. గడప దగ్గర పాత చీరలతో నేను కుట్టి వేసిన కాళ్లు తుడుచుకునే పట్టా ఉండేది. దానికి నెల రోజులు పట్టింది నాకు. టీచరమ్మ కాలి వేలితో దాని అంచు లేపి చూసి, "గిది కాళ్లకు చుట్టుకుంటది" అని మడిచి నా చేతికిచ్చారు. ఆ పట్టా అంచు అంతకు ముందు రోజే నా కాలికీ తగిలింది. ఆ సంగతి నేను చెప్పలేదు.

ఇక ఇంట్లో పొద్దస్తమానం "టీచర్ అన్నది" అనే మాట. పళ్లెం మంచం దగ్గరికి తెస్తే, "నేనే అక్కడికొస్త, టీచర్ అన్నది." భుజం పడితే, "వదులు, టీచర్ అన్నది." మా ఆయనకు చెప్పుకుంటే, "అవ్వ నడుస్తున్నది. నీకు అయిన నష్టమేంది?" అన్నారు.

అత్తమ్మ కోసం నేను నలభై ఒక్క రోజులు వెంకటేశ్వర స్వామి గుడిలో ప్రదక్షిణలు చేశాను. ఒక శనివారం ఆమె గుడి మెట్లు తనే ఎక్కింది. కడ్డీ పట్టుకుంది గానీ నన్ను పట్టుకోలేదు. పైకెక్కి గర్భగుడి వైపు చూసి దండం పెట్టి, "టీచర్ సల్లగుండాలె" అన్నది. స్వామి నా మొక్కు విన్నాడు, పేరు మాత్రం పక్కింటికి పోయింది అనుకున్నాను. దేవుడి ముందు నిలబడి అట్లా అనుకున్నందుకు ఆ రోజు ఒక్కపొద్దు ఉన్నాను. అయినా ఆ గుణం పోలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఒక పొద్దున అత్తమ్మకు కొంచెం జలుబు చేస్తే, "ఇవాళ వద్దత్తమ్మా, టీచర్ కూడ ఊరికి పోయిన్రట" అన్నాను. టీచరమ్మతో, "అత్తమ్మకు బాగలేదు, పండుకున్నది" అన్నాను. మర్నాడు జలుబు లేదు, అబద్ధం ఉంది. మూడో రోజూ అంతే. ఆ మూడు రోజులు అత్తమ్మ మళ్లీ నా భుజం పట్టుకొని తిరిగింది. నాకు సుఖంగా ఉంది. మూడో రోజు సాయంత్రం ఆమె గడప దగ్గర ఆగి, కాలు ఎటు వేయాలో తెలియనట్టు నిలబడిపోయింది. నాకు భయం వేసింది. అయినా నిజం చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున గేటు చప్పుడైంది. టీచరమ్మ, వెనక నలుగురు అవ్వలు, తలా ఒక ప్లాస్టిక్ కుర్చీ. "ఆమెకు పానం బాగలేదంటివి గద. ఆమె రాకుంటె మేమే వచ్చినం" అన్నారు టీచరమ్మ. ముగ్గు తొక్కకుండా పక్కగా కుర్చీలు వేసుకున్నారు. అత్తమ్మ లోపలి నుంచి వచ్చి, "ఊరికెళ్లి ఎప్పుడొచ్చినవ్ టీచర్?" అని అడిగింది.

నేను తల వంచుకున్నాను. టీచరమ్మ నా వైపు ఒక్కసారి చూసి, "రాత్రే వచ్చిన అక్కా" అన్నారు.

పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "నీ చెయ్యి తియ్యమంటలేను బిడ్డా. జర ఎడం వెట్టుమంటున్న. పడితె అందాలె, పడకుంటె తగలద్దు" అన్నారు. అంతకు మించి ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు ఆమె మీద కోపం పెట్టుకోవడానికి ఏదైనా దొరికేది. అది కూడా ఇవ్వలేదు.

ఒక ఆదివారం నేను వాకిట్లో అత్తమ్మ తలకు నూనె రాస్తుంటే టీచరమ్మ ఏదో పని మీద వచ్చి నిలబడ్డారు. వచ్చిన పని చెప్పకుండా కొంత సేపు చూశారు. "నువ్వే రాస్తవా ఎప్పుడు?" అని అడిగారు. "అవును టీచర్" అన్నాను. "మంచిది" అని వెళ్లిపోయారు. ఆమె తలకు నూనె రాసేవాళ్లు ఎవరూ లేరని నాకు అప్పుడే తెలిసింది. కూర్చోండి, మీకూ రాస్తాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆమెకు లేనిది నాకు ఒకటి ఉన్నదని సంతోషపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంతోషమే అన్నింటికంటే ఎక్కువ సిగ్గు కలిగిస్తుంది.

మంగళవారం కబురు చెబితే అత్తమ్మ ఏడవలేదు. ముఖం కడుక్కొని, కళ్లద్దాలు పెట్టుకొని, పట్టీ చెప్పులు వేసుకొని బయల్దేరింది. నేను వెనక నడిచాను. పూణె నుంచి కూతురు వచ్చేసరికి సాయంత్రం అవుతుందని, టీచరమ్మను హాల్లో ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. నలుగురు అవ్వలు గోడ పక్కన కూర్చున్నారు. "గంత కసరత్తు చేసినా పాయె" అని ఎవరో అంటుంటే కిరాణా దుకాణం అవ్వ, "పోతె పోయింది. ఒక్కనాడన్న కిందవడ్డదా?" అన్నది.

నేను అత్తమ్మ కోసం కుర్చీ జరిపాను. ఆమె కుర్చీ చూడలేదు. మెల్లగా ఆ పెట్టె పక్కన నేల మీద కూర్చుంది. చెయ్యి విరిగిన తర్వాత ఆమె నేల మీద కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి. చాలా సేపు అద్దంలో నుంచి ఆ ముఖాన్నే చూసి, "రేపు పొద్దుగాల ఎవలు లెక్కవెడ్తరు టీచర్?" అని అడిగింది.

కొంత సేపటికి లేవబోయింది. "అవ్వను లేపుండ్రి" అని చూడడానికి వచ్చినవాళ్లు ఎవరో అన్నారు. అప్పటికే నేను ఆమె చంకల కిందికి చేతులు పెట్టబోతున్నాను.

"ముట్టకు బిడ్డా" అన్నది.

ఒక పక్కకు ఒరిగింది. రెండు అరచేతులూ నేలకు ఆనించింది. మోకాళ్ల మీదికి వచ్చింది. ఒక పాదం ముందుకు తెచ్చి గట్టిగా నాటింది. చెయ్యి ఎత్తి ఆ పెట్టె అద్దం మీద ఆనించి, ఊపిరి తీసుకొని, లేచి నిలబడింది. నా పక్కన ఉన్న దుబ్బాక అవ్వ మెల్లగా, "పది దినాల సంది గిదే నేర్పుతుండె. నీకు చెప్పలేదా?" అన్నది.

చెప్పలేదు. నా చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. టీచరమ్మ శవం ముందు నిలబడి కూడా నాకు మళ్లీ అదే కుళ్లు. ఈ లేవడం కూడా ఆమెను పట్టుకొనే లేచింది కదా, నన్ను పట్టుకోలేదు కదా అని. అంతలోనే ఇంకొకటి తోచింది. రేపో మాపో నేను ఇంట్లో లేనప్పుడు అత్తమ్మ పడితే, పడ్డ చోటే ఉండిపోదు. నేను వచ్చే దాకా ఎదురుచూడదు. నా చెయ్యి అందని చోట ఆమెకు ఏమవుతుందోనని టీచరమ్మ నా కంటే ముందు ఆలోచించారు.

అత్తమ్మ బయట అరుగు మీదికి నడిచిపోయింది. నేను అక్కడే ఉన్నాను. చల్లటి అద్దం మీద పట్టిన తేమలో అత్తమ్మ అరచెయ్యి ముద్ర పడింది, అయిదు వేళ్లూ విడివిడిగా. ముఖం కనబడడం లేదని ఎదురింటి వదినె తుడవడానికి గుడ్డ తెచ్చింది.

"జర సేపు ఉండనియ్యి వదినె" అన్నాను.

ఆమె గుడ్డ పట్టుకొని ఆగింది. ఆ వేళ్ల ముద్రల్లో నుంచి టీచరమ్మ ముఖం కనబడుతోంది. అంచుల దగ్గర చిన్న చిన్న నీటి బొట్లు చేరి, ఒక్కొక్కటే కిందికి జారుతున్నాయి.