తాజా మోనిటర్

మేనేజర్‌తో గొడవపడి ఉద్యోగాన్ని చిక్కుల్లో పెట్టుకున్నవాళ్ళు మీకు చాలామందే తెలిసి ఉంటారు. మేనేజర్‌ని పిల్లి అనుకుని చిక్కుల్లో పెట్టుకున్నవాణ్ణి మాత్రం నన్నొక్కణ్ణే చూస్తారు. నవ్వకండి. ముందు వినండి, తర్వాత తీరిగ్గా నవ్వుదురుగాని.

మాది కళింగపట్నం. తాతలనాటి నుంచి చేపల వ్యాపారం. ఆ వంశంలో పొరపాటున కంప్యూటర్ చదివినవాణ్ణి నేను. అప్పుడు ఓ హైదరాబాద్ కంపెనీలో కొత్తగా చేరి ఇంటి నుంచే పని చేస్తున్నాను. పరీక్షా కాలం పూర్తయి ఉద్యోగం ఖాయమైతే హాయిగా ఇంట్లోనే, అమ్మ చేతి చేపల పులుసు తింటూ ఉండిపోవచ్చు. లేదా, హైదరాబాద్ హాస్టల్‌లో నీళ్ళ సాంబారు. నాకు అప్పట్లో స్వర్గనరకాలంటే ఇవే.

పనికి, ఆటలకి, సినిమాలకి మూడింటికీ పనికొచ్చే మోనిటర్ ఒకటి కొనాలనుకున్నాను. వారం రోజులు వీడియోలు చూసి మహా పండితుణ్ణయ్యాను. ఇంత పాండిత్యం సంపాదించినవాడు శ్రీకాకుళం ఒంటరిగా వెళ్ళాలా, వద్దా? నేను మా సిమాచలం మావను వెంటబెట్టుకెళ్ళాను. మావ చేపను చూసి అది ఏ పూట వలలో పడిందో చెప్పగలడు. సరుకు కొనాలంటే మా ఇంట్లో మావ లేనిదే అడుగు పడదు.

నేను ఎంచుకున్న మోనిటర్‌ని షాపతను బల్ల మీద పెట్టాడు. మావ వంగి చూసి మూతి తిప్పాడు.

"ఏటిరా అల్లుడా ఇది? కన్ను సూడు, ఎలా పాలిపోయుందో. నిన్నటి సరుకు."

"అది మ్యాట్ తెరండి. వెలుతురు పడినా మెరవదు. కళ్ళకి మంచిది" అన్నాడు షాపతను.

"మెరవంది మంచిదేటి బాబూ? తాజా సరుకన్నాక కన్ను మెరవాల."

పక్కనే నల్లగా నిగనిగలాడుతూ ఇంకో మోనిటర్ ఉంది. అందులో మావకి తన మీసం కనిపించింది. దువ్వుకున్నాడు. వెనక్కి తిప్పి, "ఈ సందులేటి?" అని అడిగాడు.

"గాలి ఆడటానికండి."

"మొప్పలన్నమాట" అని ముక్కు ఆనించి గట్టిగా వాసన చూశాడు. "నీచు నేదు. తీసేసుకో అల్లుడా!"

షాపతను నావైపు జాలిగా చూశాడు. నేనేం చేశాను? నేనూ వంగి వాసన చూశాను! వారం రోజుల పాండిత్యం ఒక్క పీల్పుతో పోయింది. రక్తం అలాంటిది మరి. మెరిసేదే కొన్నాను.

ఇంట్లో ప్లగ్గు ఉన్నది వీధి తలుపుకి ఎదురుగోడకి. అక్కడే పెట్టాను. ఇక చూడండి నా వైభవం. సినిమాలో హీరో ఏడుస్తుంటే అతని చొక్కా మీద మా అమ్మ అల్లం దంచుతూ కనిపించేది. ఆటలో నేను కాల్చిన తూటాల్లో సగం వీధిలో సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళకే. తెర మీద ఏది కదిలినా దాని మీద టకటకా మౌస్ నొక్కడం నా వేలికి అలవాటైపోయింది. అమ్మ మాత్రం మురిసిపోయింది.

"అద్దం బాగున్నాదిరా. ఆ బొమ్మలు కాసేపు ఆపు, జడేసుకోవాల."

ఉద్యోగం తేల్చే ఆన్‌లైన్ మీటింగ్ రానే వచ్చింది. మీటింగ్ నడిపేది నేనే. దర్జాగా ఉంటుందని స్లయిడ్లన్నీ నల్లరంగులో చేశాను. అసలే అద్దం, ఆపైన నలుపు! పక్కన వరసగా అందరి పేర్లు, పైన మేనేజర్ గారి పేరు. నేను ఇంగ్లీషులో దంచేస్తున్నాను. ఆయన "గుడ్, గుడ్" అంటున్నారు.

సరిగ్గా అప్పుడే, మావ భోజనానికి వస్తున్నాడని అమ్మ వంజరం చేప ముక్కలకి ఉప్పూకారం పట్టించి, పళ్ళెం వసారాలో పెట్టి, పెరట్లోకి వెళ్ళింది. తెర మీద ఓ పిల్లి ప్రత్యక్షమైంది. మేనేజర్ గారి పేరు మీదుగా మెల్లగా పళ్ళెం వైపు నడుస్తోంది.

వెనక్కి తిరిగి తరమాలన్న బుద్ధి పుట్టిందా? పుట్టలేదు. వేలు లేచింది. టకటకటక!

"ఫో! ఫో దొంగ ముండా! మూతి పగలగొడతాను!"

తొలగించమంటారా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. "ముందా పని చెయ్యి!" అని నొక్కాను.

పిల్లి పోలేదు. మేనేజర్ గారు పోయారు.

కాగల కార్యం గంధర్వులు తీరుస్తారంటారు. నాది పిల్లి తీర్చింది. నిమిషంలో ఫోన్ మోగింది.

"అప్పలరాజూ, పొమ్మన్నారు, పోయాను. కారణం తెలుసుకోవచ్చా?"

"సార్... పిల్లి అనుకున్నాను సార్."

"నేను పిల్లిలా ఉన్నానా?"

"లేదు సార్! పిల్లి మీ మీద నడిచింది సార్! మీరు వంజరం తింటారేమోనని భయపడి..."

అప్పుడే వచ్చిన మావ ఇదంతా విని, నా చేతిలో ఫోన్ లాక్కున్నాడు. "బాబూ, గుంటడి తప్పేటి నేదు. మోనిటర్ మరీ తాజాది, అదే అసలు సంగతి!"

నేను ఫోన్ తిరిగి లాక్కున్నాను. మేనేజర్ గారు చాలా నెమ్మదిగా, "ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. సోమవారం నుంచి మీరు ఆఫీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోండి. మీ మావయ్యగారిని తీసుకురాకండి" అన్నారు. పెట్టె సర్దుకుంటుంటే నిజంగానే ఏడుపొచ్చింది. ఉద్యోగం కోసం కాదు, పులుసు కోసం. పిల్లి తల ముక్క కూడా మిగల్చలేదు.

కనుక మహాజనులారా, వంశధార సముద్రంలో కలిసే చోట మూడు మునకలు వేసి, తడిబట్టలతో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై తెర మీద ఏది కదిలినా ముందు వెనక్కి తిరిగి చూస్తాను. పిల్లైతే చీపురు, మేనేజరైతే నమస్కారం. ప్రాణం పోయినా తారుమారు చెయ్యను.